దీపం కింద పెరిగిన పట్టుపురుగు

ప్రాణహిత నది పడమటి ఒడ్డున నల్లమద్ది అడవి ఉంది. ఆ అడవి మధ్యగా ఊటవాగు పారుతుంది. దుప్పులు, కొండముచ్చులు, కుందేళ్ళు, ఎలుగుబంట్లు అక్కడ తరతరాలుగా కాపురం ఉంటున్నాయి. వాటన్నిటికన్నా మెత్తని ప్రాణులు కూడా ఆ అడవిలో ఉన్నాయి. అవి మద్ది ఆకు తిని బతికే దసలి పట్టుపురుగులు.

ఒక ఏడాది ఉత్తర కార్తెలో, వాగు ఒడ్డున ఉన్న ఒక మద్ది చెట్టు మీద ఇద్దరు అక్కచెల్లెళ్ళు పుట్టారు. గుడ్డు పగలగొట్టుకుని ముందు బయటికి వచ్చినది పచ్చమ్మ. ఒక్క పూట ఆలస్యంగా వచ్చినది బంగారి. మిగిలిన తోబుట్టువులు తలో కొమ్మకు పోయారు. వీళ్ళిద్దరూ ఒకే కొమ్మ మీద ఉండిపోయారు.

ఇద్దరి ఒళ్ళూ ఆకుపచ్చనే. ఇద్దరికీ పక్కల వెంట మెరిసే చుక్కలున్నాయి. పచ్చమ్మ చుక్కలు వెండి రంగు, చెల్లెలి చుక్కలు బంగారు రంగు. ఆ సంగతి బంగారి రోజుకు నాలుగుసార్లు గుర్తుచేసేది.

వాళ్ళు పుట్టేసరికే తల్లి లేదు. దసలి సీతాకోకకు తిండి తినే నోరు ఉండదు. పురుగుగా ఉన్నప్పుడు తిన్న తిండి మీదే ఎనిమిది రోజులు బతుకుతుంది. జత కడుతుంది, గుడ్లు పెడుతుంది, రాలిపోతుంది. పిల్లలను సాకే వీలు దానికి లేదు. ఆ తల్లి పిల్లలకు చేయగలిగిన మేలు ఒక్కటే. సరైన కాలంలో గుడ్లు పెట్టాలి. పిల్ల బయటికొచ్చిన రోజున లేత మద్ది ఆకు ఎదురుగా ఉంటే బతుకుతుంది. లేకపోతే రెండు రోజుల్లో చచ్చిపోతుంది.

మద్ది చెట్టు చలికాలం చివర ఆకు రాలుస్తుంది. ఎండలు ముదిరాక చిగురు వేస్తుంది. అందుకని చలికాలానికి ముందు గూడు కట్టిన పురుగు, ఏడు నెలలు అందులోనే నిద్రపోయి తొలకరికి లేవాలి. మధ్యలో లేస్తే పిల్లలకు లేత ఆకు ఉండదు.

ఒక సాయంత్రం బంగారి అడిగింది.

"అక్కా, పొద్దు గుంకగానే నువ్వు తినడం ఆపి, తల పైకెత్తి కూర్చుంటావెందుకు? మెడ పట్టేసిందా?"

"చీకటిని కొలుస్తున్నాను" అంది పచ్చమ్మ.

"చీకటిని కొలవడమేంటి? అదేమన్నా పొట్లకాయా?"

పచ్చమ్మ నవ్వింది. "వాగు ఇసుకలో మనుషులు చెలమ తీస్తారు చూశావా? గుంట తవ్వి కూర్చుంటే, నీళ్ళు నెమ్మదిగా వాటంతట అవే ఊరతాయి. వెలుగు పోగానే నా ఒంట్లో అలాంటి చెలమ ఒకటి ఊరడం మొదలవుతుంది. తెల్లారగానే ఎండిపోతుంది. రాత్రి పొడుగైతే ఎక్కువ ఊరుతుంది. పొట్టిదైతే తక్కువ ఊరుతుంది. నీ ఒంట్లోనూ ఉంది. కాసేపు నోరు మూసుకుంటే తెలుస్తుంది."

బంగారి నోరు మూసుకుంది. నిజమే. లోపల ఎక్కడో సన్నగా ఏదో ఊరుతోంది.

"అంచు దాకా నిండిన రాత్రులు వరసగా పది వస్తే, చలికాలం దగ్గర పడిందని ఒంటికి తెలిసిపోతుంది. అప్పుడు మనం కట్టే గూడు పొడుగు నిద్రకు గూడు అవుతుంది" అంది పచ్చమ్మ.

తంగేడు పూసే రోజులకు పగలు, రాత్రి ఇంచుమించు సమానమయ్యాయి. ఆ తర్వాత రాత్రి రోజుకు ఒక నిమిషం చొప్పున పెరగసాగింది. ఒక నిమిషం తేడా కొండముచ్చుకు తెలియదు, ఎలుగుబంటికి తెలియదు. బొటనవేలంత కూడా లేని ఆ పురుగులకు తెలిసింది.

అదే రోజుల్లో ఊటవాగు మీద వంతెన కట్టడానికి మనుషులు వచ్చారు. వాగు ఒడ్డున రేకుల షెడ్డు వేశారు. దాని ముందు, మద్ది చెట్టుకు పది అడుగుల దూరంలో, ఒక సోలార్ దీపం పాతారు. పొద్దు గుంకగానే అది దానంతటదే వెలిగేది. తెల్లారేదాకా వెలిగేది. చెట్టుకు వాగు వైపున్న కొమ్మలన్నీ పట్టపగల్లా కనిపించేవి.

మనుషుల సామానుతోపాటు, సిమెంటు బస్తాల సందున ఒక పట్నం బల్లి కూడా వచ్చింది. దాని పేరు సత్తెయ్య. దిగిన రోజే అది దీపం స్తంభాన్ని తన ఇల్లు చేసుకుంది. వెలుగుకు వచ్చే చిన్న పురుగులను తినేది. తిన్న తర్వాత చెట్టు మీదివాళ్ళతో కబుర్లు చెప్పేది.

"నేను ఇళ్ళలో పుట్టి పెరిగినవాణ్ణి" అంది ఒక సాయంత్రం. "నేను టిక్ టిక్ అంటే చాలు, ఎంతటి పెద్దమనిషైనా వేలితో తట్టి 'సత్యం, సత్యం' అనాల్సిందే. అలాంటిది నా మాట."

"అయితే మా గురించి ఒక సత్యం చెప్పు మామా" అంది బంగారి.

సత్తెయ్య దాన్ని పైనుంచి కిందికి చూసింది. బంగారి అప్పటికే బల్లి నోటికి పట్టనంత పెరిగింది. కానీ దాని పిల్లలు పుట్టినప్పుడు ధనియపు గింజంత ఉంటాయి. చలికాలంలో దీపం దగ్గరికి పురుగులు రావు. ఆ మూడు నెలలు ఎలా గడపాలా అని సత్తెయ్య చాలా రోజులుగా ఆలోచిస్తోంది.

"నువ్వు మామూలు పురుగువి కావు తల్లీ" అంది. "నీ చుక్కలు చూడు, ఎలా మెరుస్తున్నాయో! అడవిలో పగలు పన్నెండు గంటలు. నీ కొమ్మ మీద ఇరవై నాలుగు గంటలు. ఇంత వెలుగు పెట్టుకుని ఏడు నెలలు నిద్రపోతావా? గూడు కట్టు, ఇరవై రోజుల్లో బయటికి రా, గుడ్లు పెట్టు. చలికాలంలో పిల్లలను కన్న మొదటి దసలివి నువ్వే అవుతావు."

టిక్ టిక్ అంది.

"సత్యం!" అంది బంగారి.

తెల్లారాక పచ్చమ్మ చెల్లెల్ని పిలిచింది.

"రాత్రి నీ చెలమ ఎంత ఊరింది?"

"అసలు ఊరలేదు. చీకటి ఉంటే కదా?"

"నాదీ ఊరలేదు. అది నాకు భయంగా ఉంది. మొన్నటిదాకా రాత్రి పెరుగుతూ వచ్చింది. ఒక్కసారిగా మాయమైపోతుందా? సూర్యుడు అలా చేయడు. మనం ఈ కొమ్మ వదిలేద్దాం, చెల్లీ. చెట్టుకు అవతల వైపు, ఆ దీపం కనబడని చోటికి పోదాం."

"పోతే నువ్వు పో. ఈ కొమ్మ మీద రెండు పూటలా వెలుగుంది, లేత ఆకుంది. అవతల వైపు ఏముంది? చీకటి! దాన్ని కొలుచుకుంటూ కూర్చో."

"ఒంటికి అబద్ధం చెప్పకూడదే. అది మనం చెప్పిందే నమ్ముతుంది. తర్వాత దిద్దుకోలేదు."

"నీకు అసూయ అక్కా. నీ చుక్కలు వెండివి."

పచ్చమ్మ బయలుదేరింది.

పట్టుపురుగుకు ప్రయాణం ప్రాణాపాయం. పైగా పచ్చమ్మకు నాలుగోసారి చర్మం విడిచే సమయం దగ్గర పడింది. రైతులు దాన్ని జ్వరం అంటారు. ఆ సమయంలో పురుగు కాళ్ళ పట్టు సడలుతుంది. తిండి సయించదు. జారితే ఇరవై అడుగుల కింద చీమల పుట్ట ఉంది.

పచ్చమ్మ కొమ్మ వెంట నడిచి మొదట కొమ్మల పంగ చేరింది. అక్కడి నుంచి బెరడు పగుళ్ళు పట్టుకుని పక్కకు తిరగసాగింది. సగం దూరం పోయేసరికి, తోక చీలిన నల్లటి ఏట్రింత పిట్ట ఒకటి వచ్చి, ఎదురుగా ఉన్న ఎండు పుల్ల మీద వాలింది.

పచ్చమ్మ పక్కనే బెరడు నుంచి మొలిచిన రెండు ఆకుల చాటుకు జరిగి, ఉన్నచోటే బిగుసుకుపోయింది. తల లోపలికి లాక్కుంది. ఒళ్ళు ముడుచుకుంది. ఏట్రింత తల అటూ ఇటూ తిప్పి చూసింది. దానికి రెండు ఆకులు, వాటి మధ్య ఒక మడత, ఆ మడత మీద నాలుగు మంచు బొట్లు కనిపించాయి. ఆ బొట్లు పచ్చమ్మ చుక్కలు. పచ్చమ్మ పట్టు వదల్లేదు. చాలాసేపటికి కింద ఒక మిడత ఎగిరింది. ఏట్రింత దాని వెంట పోయింది.

పొద్దు వాలేవేళకు పచ్చమ్మ చెట్టు అవతలి వైపు చేరింది. అక్కడ ఆకు కాస్త ముదురే. వెలుగు పోయింది. చాలా రోజుల తర్వాత దాని ఒంట్లో చెలమ ఊరడం మొదలైంది. ఊరి ఊరి, అంచు దాకా వచ్చింది. అంచు దాటి నిలిచింది.

"అనుకున్నంతా అయింది" అనుకుంది పచ్చమ్మ. "చలికాలం మన కొమ్మ దాకా వచ్చేసింది."

మరునాటి నుంచి అది రెండింతలు తిన్నది.

స్వాతి కార్తెలో తుపాను వాన పడింది. నాలుగు రోజులు ముసురు. అది తగ్గాక చలి రావాల్సింది పోయి ఉక్కపోత వచ్చింది. మద్ది చెట్టు మోసపోయి, కొన్ని కొమ్మల చివర చిగురు కూడా వేసింది.

బంగారి చెట్టు ఇవతలి నుంచి కేకేసింది. "అక్కా! ఒంటికి చెమటలు పడుతున్నాయా? ఇదేనా నీ చలికాలం?"

"చలి ఒక రోజు ఆలస్యంగా వస్తుంది, ఒక రోజు ముందుగా వస్తుంది" అని బదులిచ్చింది పచ్చమ్మ. "వాన కూడా అంతే, ఒక్కో ఏడాది ఒక్కో మాట చెబుతుంది. రాత్రి పొడుగు మాత్రం మన తాతల నాడు ఈ రోజుకు ఎంతో, నేడూ అంతే. నేను దాని మాటే వింటాను."

"చిగురు కళ్ళ ముందు కనిపిస్తుంటే!"

"చిగురు చెట్టు చేసిన తప్పు. మన తప్పు ఎందుకు కావాలి?"

విశాఖ కార్తెలో ఇద్దరూ గూళ్ళు కట్టారు.

పచ్చమ్మ గూడు కట్టిన తీరు చూడదగ్గది. ముందుగా అది కొమ్మ చుట్టూ పట్టుదారంతో ఒక ఉంగరం అల్లింది. ఆ ఉంగరం నుంచి కిందికి గట్టి కాడ దింపింది. కాడ చివర గూడు మొదలుపెట్టింది. ఆకును ఆధారం చేసుకోలేదు, ఎందుకంటే ఆకు రాలుతుంది. కొమ్మ రాలదు. మూడు పగళ్ళు, మూడు రాత్రులు తల ఆపకుండా తిప్పింది. కిలోమీటరుకు తక్కువ కాని దారం, ఎక్కడా తెగకుండా, గూడుగా మారింది. చివర్లో లోపలి నుంచి ఒక రకం జిగురు పూసింది. ఆరిన తర్వాత ఆ గూడు వక్కలా గట్టిపడింది. ఏట్రింత ఒకసారి పొడిచి చూసి, ముక్కు నొప్పెట్టి పోయింది.

బంగారి రెండు ఆకులు దగ్గరికి లాగి, వాటి మధ్య పలచటి గూడు అల్లుకుంది.

"ఉంగరం ఏది? కాడ ఏది?" అని అడిగింది సత్తెయ్య.

"ఇరవై రోజుల మకాముకు ఇంత కట్టుబడి దేనికి మామా?"

"టిక్ టిక్" అంది సత్తెయ్య.

తర్వాత రెండు గూళ్ళ నుంచీ మాటలు ఆగిపోయాయి.

లెక్క తప్పలేదు. మార్గశిర మాసం చివర, సరిగ్గా ఇరవయ్యో రోజు సాయంత్రం, బంగారి గూడు తడిసి తెరుచుకుంది. జానెడు రెక్కలతో పసుపుపచ్చని సీతాకోక బయటికి వచ్చింది. ఒక్కో రెక్క మీద అద్దం లాంటి ఒక్కో గుండ్రని మచ్చ. అడవిలో అంత అందమైన రెక్కలు ఇంకెవరికీ లేవు. చూడటానికి మాత్రం ఎవరూ లేరు.

బంగారి దీపం వెలుగులో కొమ్మ చివర కూర్చుని రెక్కలు విప్పింది. ఆడ దసలి సీతాకోక తన వాసనను గాలిలోకి వదిలి జతగాణ్ణి పిలుస్తుంది. మైళ్ళ దూరంలో ఉన్న మగ సీతాకోక కూడా ఆ పిలుపు అందుకుంటుంది. బంగారి పిలిచింది. గాలి చల్లగా వీస్తోంది. ఎవరూ రాలేదు.

రెండో సాయంత్రం పిలిచింది. మూడో సాయంత్రం పిలిచింది.

నాలుగో సాయంత్రం సత్తెయ్య స్తంభం దిగి వచ్చింది. చలికి అది సగమైపోయింది.

"ఏం తల్లీ, గుడ్లెప్పుడు?"

"జతగాడు ఉంటే కదా మామా? మగవాళ్ళు ఎక్కడికి పోయారు?"

"నాకేం తెలుసు? మరి నా పిల్లలు... అదే, నీ పిల్లలు?"

బంగారి బల్లిని కళ్ళార్పకుండా చూసింది. ధనియపు గింజంత పిల్లలను, ఆకలితో ఉన్న ఆ నోటిని పక్కపక్కన పెట్టి చూసుకుంది. ఇన్నాళ్ళకు దానికి బల్లి చెప్పిన సత్యం అర్థమైంది.

అది చెట్టు చుట్టూ ఎగిరి అవతలి వైపు వెళ్ళింది. అక్కడ చీకటి చిక్కగా ఉంది. అక్క గూడు కాడ చివర వేలాడుతోంది. ఆ పక్క కొమ్మ మీద ఇంకో గూడు. అవతల చెట్టు మీద ఇంకో పది. మగవాళ్ళు, ఆడవాళ్ళు, తోబుట్టువులు, అడవి అంతా గూళ్ళలో నిద్రపోతోంది. తానొక్కతే మేలుకుని ఉంది.

"అక్కా!" అని గూటి మీద తట్టింది. "అక్కా, ఒక్కసారి లేవవే!"

గూడు పలకలేదు. పలికే స్థితిలో లేదు. లోపల పచ్చమ్మ గుండె నిమిషానికి రెండు మూడుసార్లు మాత్రమే కొట్టుకుంటోంది. ఊపిరి కూడా లెక్క ప్రకారమే. ఒంట్లోని నీరు చలికి గడ్డకట్టకుండా తేనెలా చిక్కబడింది. చెల్లెలి పిలుపు అంత లోతుకు అందలేదు.

బంగారి చాలాసేపు ఆ గూటిని పట్టుకుని కూర్చుంది. "నువ్వు లేవకపోవడమే మంచిదిలే" అని చివరికి అంది. "లేస్తే నాలాగే అవుతావు."

అది మళ్ళీ దీపం వైపు వెళ్ళలేదు. ఎనిమిదో రోజు పొద్దున పండుటాకులతోపాటు నేల మీద రాలి ఉంది. దాని కడుపులోని రెండు వందల గుడ్లు దానితోనే పోయాయి.

సత్తెయ్యకు ఆ చలికాలంలో ఏమీ దొరకలేదు. సంక్రాంతి రాకముందే అది స్తంభం మొదట్లో ఎండి కనిపించింది.

మాఘంలో మద్ది ఆకు రాలింది. బంగారి వదిలిన ఖాళీ గూడు ఆకుతోపాటు రాలి గాలికి కొట్టుకుపోయింది. పచ్చమ్మ గూడు, మోడు కొమ్మకు కట్టిన ఉంగరం మీద, అలాగే వేలాడింది.

ఉగాది ముందు ఒకసారి పెద్ద వాన పడింది. నేల తడిసింది, కప్పలు అరిచాయి. గూటిలో పచ్చమ్మ కదలలేదు. గూటి గోడ గుండా దానికి మసకగా వెలుగు అందుతోంది. పగలు పెరుగుతోంది కానీ ఇంకా చాలినంత పెరగలేదు. తర్వాత ఎండలు వచ్చాయి. నలభై అయిదు డిగ్రీలు. రాళ్ళు పగిలాయి, వాగు ఎండింది. తిండి లేదు, చుక్క నీరు లేదు. కార్తీకంలో తిన్న ఆకు బలం మీద, వేలెడంత కూడా లేని ఆ ప్రాణి వైశాఖం దాటింది. అడవిలో ఏనుగంత బలమున్న జంతువు ఉన్నా, ఆ పని చేయలేదు.

జ్యేష్ఠంలో పగలు పదమూడు గంటలు దాటింది. పచ్చమ్మ గుండె వేగం అందుకుంది. మృగశిర కార్తె ప్రవేశించిన మూడో రోజు తొలకరి చినుకు పడింది. ఆ సాయంత్రం గూడు తడిసి తెరుచుకుంది.

పచ్చమ్మ బయటికి వచ్చి కొమ్మ పట్టుకుని రెక్కలు ఆరబెట్టుకుంది. పక్క కొమ్మ మీద ఇంకో గూడు తెరుచుకుంది. అవతల చెట్టు మీద పది. వాగు అవతల వంద. ఎవరూ ఎవరినీ లేపలేదు. ఎవరి లెక్క వాళ్ళదే, కానీ అందరూ ఒకే సూర్యుణ్ణి లెక్కపెట్టారు. అందుకే ఒకే వారంలో లేచారు.

పచ్చమ్మ వాసన గాలిలోకి వదిలింది. చీకటి చిక్కబడకముందే జతగాడు వచ్చాడు.

"ఎక్కడి నుంచి?" అని అడిగింది.

"కొండ అవతలి నుంచి. దారిలో అంతా చిగురే. కళ్ళు చెదిరాయనుకో."

"మా చెల్లెలు వాగు వైపు కొమ్మ మీద ఉండాలి. చూశావా?"

"అక్కడ ఎవరూ లేరు. పాత గూడు కూడా లేదు."

చెల్లెలు ఎప్పుడు లేచిందో, ఎలా పోయిందో పచ్చమ్మకు అడక్కుండానే తెలిసింది.

మూడు రోజులపాటు అది కొమ్మ కొమ్మకూ తిరిగి, రెండు వందల పది గుడ్లు పెట్టింది. దీపం కొమ్మ మీద ఒక్కటీ పెట్టలేదు. ఎనిమిదో రోజున, చేయాల్సిన పని మిగలక, మద్ది మొదట్లో రెక్కలు ముడిచి పడుకుంది.

మరో రెండు రోజులకు మొదటి గుడ్డు పగిలింది. ధనియపు గింజంత పిల్ల బయటికి వచ్చి, తల ఎత్తి నాలుగు వైపులా చూసింది. ఎటు తిరిగినా లేత ఆకే ఉంది.

నీతి: ఇంటి ముందు దీపాన్ని చూసి పగలనుకోకు; కాలాన్ని ఓపికగా కొలిచి నడిచినవాడే తన పిల్లలకు మంచి రోజు ఇవ్వగలడు.